తంతి సొమ్ముతో చదువుల కొండ

జగిత్యాలలోనో, రాజోలులోనో, రాజంపేటలోనో బస్టాండుకు దగ్గర్లో పసుపూ నలుపూ కలిసిన ఓ బోర్డు కనిపిస్తుంది. వెస్టర్న్ యూనియన్. దుబాయ్ నుంచో కువైట్ నుంచో కొడుకు పంపిన డబ్బు కోసం ఆ కౌంటర్ ముందు ఓ తల్లి నిలబడి ఉంటుంది. ఒక చేతిలో ఆధార్ కార్డు. రెండో చేతిలో, కొడుకు ఫోన్లో చెబుతుంటే పక్కింటి పిల్లాడు రాసిచ్చిన పది అంకెల నంబరు. ఆ చీటీ చెమటకు తడిసి అంకెలు చెదిరిపోతాయేమోనని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, వంతు వచ్చేదాకా దాన్నే చూసుకుంటూ ఉంటుంది.

మన గల్ఫ్ ఊళ్లకు డబ్బు మోసుకొచ్చే ఈ కంపెనీ అసలు టెలిగ్రాంల కోసం పుట్టింది. 1856లో ఆ పేరు పెట్టుకుంది. నూటయాభై ఏళ్లు తీగల మీద కబుర్లు పంపి, 2006 జనవరిలో ఆఖరి టెలిగ్రాం పంపి ఆ పని చాలించింది. తొలి రోజుల్లో అందులో అందరికంటే ఎక్కువ వాటాలున్నది ఒక కుమ్మరి కొడుకుకి. పేరు ఎజ్రా కార్నెల్. ఊరు, న్యూయార్క్ రాష్ట్రంలోని ఇతాకా. ఆ ఇంటిపేరు మనకు కొత్తది కాదు. అమెరికా చదువుల గురించి మాట్లాడుకునే ఏ తెలుగింట్లోనైనా ‘కార్నెల్‌లో సీటొచ్చింది’ అంటే ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగి మరీ అభినందిస్తారు.

ఆ కుటుంబం కథ తెలుసుకోవాలంటే ఇతాకా కొండ ఎక్కాలి. అదీ కింది నుంచి.

జలపాతం పక్క సొరంగం

న్యూయార్క్ నగరం నుంచి బస్సులో నాలుగైదు గంటలు ప్రయాణిస్తే ఇతాకా వస్తుంది. సన్నగా పొడుగ్గా సాగిన కయూగా సరస్సుకు దక్షిణం కొసన ఉన్న చిన్న ఊరు. తూర్పు కొండ మీంచి వాగులు రాతిని కోసుకుంటూ దిగుతాయి. పలకల మీద పలకలు పేర్చినట్టుండే రాయి అది. వేల ఏళ్లుగా నీళ్లు ఒక్కో పలకనూ అరగదీస్తూ లోతైన లోయలు చేశాయి. ఊరి అంచున ఫాల్ క్రీక్ అనే వాగు పెద్ద జలపాతమై దూకుతుంది.

1828లో ఇరవై ఒక్కేళ్ల ఎజ్రా ఈ ఊరికి కాలినడకన వచ్చాడు. తండ్రి కుండలు చేసేవాడు. క్వేకర్ల కుటుంబం. ఆడంబరాలకు దూరంగా, నిరాడంబరంగా బతికే మతశాఖ అది. ఎజ్రాకు వడ్రంగం తెలుసు, యంత్రాల పని తెలుసు. బడి చదువు మాత్రం అంతంతే. జలపాతం దగ్గర జెరిమయా బీబీ అనే ఆసామికి మిల్లులుండేవి. వాటిలో పనికి కుదిరాడు.

మిల్లు తిరగాలంటే నీళ్లు కావాలి. కొండ అంచున కట్టిన కొయ్య కాలువ మీదుగా నీళ్లొచ్చేవి. అది ఎప్పుడూ మరమ్మతులోనే ఉండేది. ఎజ్రా దాన్ని పక్కనపెట్టి, రాతి కొండనే తొలిచి సుమారు రెండు వందల అడుగుల సొరంగం వేయించాడు. మందుగుండు పెట్టి పేల్చి, రాయి తీసి, మిల్లుకు నీళ్లు తెచ్చాడు. ఆ సొరంగం ఇప్పటికీ ఉంది. ఎగువన వాగుకు అడ్డంగా కట్టించిన ఆనకట్ట వెనక నిలిచిన నీరే నేటి బీబీ చెరువు. విశ్వవిద్యాలయం పిల్లలు సాయంత్రాలు దాని గట్టు మీద నడుస్తారు. పేరు యజమానిది. పని ఎజ్రాది.

1831లో ఆయన మేరీ యాన్ వుడ్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె క్వేకరు కాదు. శాఖ పెద్దలు ఆయన్ని వెలివేశారు. పొరపాటైందని ఒక్క మాట ఒప్పుకుంటే మళ్లీ చేర్చుకుంటామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. భార్యను తెచ్చుకోవడం పొరపాటని చెప్పి దేవుడి ఇంట్లో కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. ఆ తర్వాతి జీవితంలో ఆయన తీసుకున్న పెద్ద నిర్ణయాలన్నిటికీ ఈ ‘కాదు’లోనే బీజం ఉందని నాకనిపిస్తుంది.

నాగలి నుంచి స్తంభం దాకా

మిల్లు చేతులు మారింది, ఉద్యోగం పోయింది. కొత్తరకం నాగలి అమ్మే హక్కు కొనుక్కుని ఎజ్రా రాష్ట్రాలు పట్టుకు తిరిగాడు. చాలావరకు నడకే. ‘కలిసొచ్చే కాలం వస్తే నడిచొచ్చే కొడుకు పుడతాడు’ అని మనవాళ్లంటారు. ఇక్కడ నడిచి వెళ్లినవాడికే కాలం కలిసొచ్చింది.

1843లో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో, పత్రికాధిపతీ రాజకీయ నాయకుడూ అయిన ఫ్రాన్సిస్ స్మిత్ కచేరీకి వెళ్లాడు. వెళ్లేసరికి స్మిత్ నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, నాగలి రెక్క ఒకటి పక్కన పెట్టుకుని, సుద్దతో ఏదో గీస్తున్నాడు. శామ్యూల్ మోర్స్ అనే చిత్రకారుడు కనిపెట్టిన టెలిగ్రాఫ్ కోసం వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాల మధ్య నలభై మైళ్లు భూమిలో గొట్టం వేయాలి. అమెరికన్ కాంగ్రెస్ ముప్పై వేల డాలర్లు ఇచ్చింది. గొట్టం వేసే పని స్మిత్ ఒప్పుకున్నాడు. మైలుకు వంద డాలర్లు. కందకం తవ్వి, గొట్టం పెట్టి, మట్టి పూడ్చడానికి ఆ డబ్బు చాలదని అప్పుడు తెలిసింది. ఎజ్రా అక్కడే కూర్చుని గీత గీసి చూపించాడు. ఒకేసారి నేల చీల్చి, గొట్టం దించి, మళ్లీ పూడ్చుకుంటూ పోయే నాగలి. కొద్దిరోజుల్లో అది స్మిత్ పొలంలో పనిచేసి చూపించింది. మోర్స్ చూడ్డానికి వచ్చాడు.

బాల్టిమోర్ నుంచి కొన్ని మైళ్లు వేశాక అసలు చిక్కు బయటపడింది. గొట్టంలోని తీగల మీది పూత పాడై కరెంటు నేలకు పోతోంది. ప్రభుత్వ సొమ్ములో చాలాభాగం అయిపోయింది. పని ఆపాలి. ఆపితే పత్రికలు ఓడిపోయారని రాస్తాయి. ఏదో ఒక సాకు దొరకాలని మోర్స్ కోరిక. ఎజ్రా పనివాళ్లను తొందరపెట్టి, తానే నాగలి మేడి పట్టి, దాన్ని నేరుగా ఒక బండరాయికి కొట్టించాడు. నాగలి విరిగింది. యంత్రం చెడిపోయిందని పత్రికలు రాశాయి. మోర్స్‌కు ఆలోచించుకునే వ్యవధి దొరికింది.

ఆ చలికాలమంతా ఎజ్రా వాషింగ్టన్‌లో పుస్తకాలు ముందేసుకుని విద్యుత్తు గురించి దొరికిందల్లా చదివాడు. తీగను భూమిలోంచి తీసి స్తంభాల మీద వేయాలన్న నిర్ణయం జరిగింది. మరి తీగ స్తంభాన్ని తాకితే? రెండు గాజు బిళ్లల మధ్య తీగ బిగించాలని ఎజ్రా చెప్పాడు. మోర్స్ ముందు తన సహచరుడు ఆల్‌ఫ్రెడ్ వెయిల్ చెప్పిన పద్ధతి వైపు మొగ్గాడు. తర్వాత ఆ కాలపు గొప్ప భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీని అడిగితే, ఆయన వడ్రంగి మాటే సరైందన్నాడు. 1844 మే 24న బైబిలు నుంచి తీసుకున్న నాలుగు మాటలు ఆ తీగ మీద వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్ చేరాయి. మన రైలు పట్టాల వెంట తంతి స్తంభాల మీద గాజువో పింగాణీవో బుడిపెలు చూసి పెరిగిన తరానికి, ఆ బుడిపెల అవసరం ఎక్కడ మొదలైందో ఇప్పుడు తెలిసింది కదా.

కుటుంబమంతా తీగల మీదే

సిరి వెంటనే రాలేదు. టెలిగ్రాఫ్ అంటే ఏమిటో జనానికి చూపించడానికి ఎజ్రా న్యూయార్క్‌లో ప్రదర్శన పెట్టాడు. టికెట్టు ఇరవై ఐదు సెంట్లు. చూసేవాళ్లే కరువయ్యారు. ఇతాకాలో మేరీ యాన్ పిల్లల్ని పెట్టుకుని అప్పుల మధ్య ఇల్లు నడిపింది. వాటాలు అమ్ముకుంటే ఆ కష్టం తీరేది. ఆయన అమ్మలేదు. పైగా కూలీ బదులు వాటాలే తీసుకుంటూ కొత్త లైన్లు వేశాడు. న్యూయార్క్ నుంచి ఆల్బనీకి, బఫలో నుంచి మిల్వాకీకి. ఆయన మొండితనాన్ని చరిత్ర మెచ్చుకుంటుంది. ఆ మొండితనానికి రోజువారీ మూల్యం చెల్లించింది మాత్రం మేరీ యాన్.

తీగలు సాగే కొద్దీ చుట్టాలందరూ ఆ పనిలో చేరారు. మేరీ యాన్ తమ్ముడు ఆరిన్ వుడ్ మోర్స్ దగ్గర నేర్చుకున్న తొలి ఆపరేటర్లలో ఒకడు. తర్వాత కెనడా వెళ్లి మాంట్రియల్ టెలిగ్రాఫ్ కంపెనీని నడిపాడు. ఎజ్రా చెల్లెలు ఫీబీ పెళ్లి చేసుకున్నదీ ఆ వుడ్ కుటుంబంలోనే. ఆమె 1849లో మిషిగన్‌లోని ఆల్బియన్ ఊళ్లో టెలిగ్రాఫ్ ఆపరేటరుగా కూర్చుంది. అమెరికాలో ఆ కుర్చీలో కూర్చున్న తొలి ఆడవాళ్లలో ఆమె ఒకరు. ఆడపిల్ల బయట ఉద్యోగం చేయడమే వింతైన రోజుల్లో మీట మీద వేలుపెట్టి ఊళ్లకు ఊళ్లు కబుర్లు పంపిన ఫీబీ గురించి ఈ కుటుంబ చరిత్రల్లో రెండు వాక్యాలకు మించి రాయరు. ఆమెకు ఒక అధ్యాయం రావాల్సింది.

పెద్దకొడుకు అలోంజో పదిహేనేళ్లకే బడి మానేసి ట్రాయ్ ఊళ్లో ఆపరేటరయ్యాడు. ఎదిగి వెస్టర్న్ యూనియన్ ఉపాధ్యక్షుడయ్యాడు. రాజకీయాల్లోకి వెళ్లి, 1880 నుంచి 1882 దాకా న్యూయార్క్ రాష్ట్రానికి గవర్నరుగా పనిచేశాడు. పాఠశాల ఎన్నికల్లో మహిళలకు ఓటు హక్కు ఇచ్చే చట్టంపై 1880లో సంతకం పెట్టింది ఆయనే. తండ్రి జీవితచరిత్రా రాశాడు.

1850ల్లో ప్రతి కంపెనీ పక్క కంపెనీని ముంచాలని చూస్తున్న వేళ, రోచెస్టర్‌కు చెందిన హైరమ్ సిబ్లీ అందరినీ ఒక తాటి మీదికి తెచ్చాడు. ఎజ్రా తన లైన్లను అందులో కలిపాడు. వెస్టర్న్ యూనియన్ అన్న పేరు ఉండాల్సిందేనని పట్టుబట్టింది ఆయనే. 1861 అక్టోబరులో ఆ కంపెనీ తీగ అమెరికా ఖండాన్ని తూర్పు నుంచి పడమర దాకా కలిపింది. ఏళ్ల తరబడి అమ్మని వాటాలు ఒక్కసారిగా కొండంత సంపదయ్యాయి.

ఉండని ఇల్లు

కొండ సగం ఎక్కితే ఊరి శ్మశానవాటికకు దగ్గర్లో రాతి భవంతి కనిపిస్తుంది. కోసుగా లేచిన కప్పులు, రాతిలో చెక్కిన లతలు, గోథిక్ కిటికీలు. పేరు లెన్‌రాక్. ఇంగ్లీషులో కార్నెల్ అక్షరాల్ని వెనక నుంచి చదివితే వచ్చే పేరది. ఆ కొండ రాయితోనే, పనితనం తెలిసిన శిల్పుల్ని పెట్టి, 1867 నుంచి దాదాపు పదేళ్లు కట్టారు. గుమ్మం పైన ఎజ్రా నమ్మిన రెండు గుణాలు చెక్కి ఉంటాయి: సత్యం, స్థిరత్వం.

ఎజ్రా అందులో ఒక్కరోజూ ఉండలేదు. ఇల్లు పూర్తికాకముందే, 1874 డిసెంబరు 9న కన్నుమూశాడు. మేరీ యాన్ 1891 దాకా బతికింది. 1911లో ఇల్లు ఒక విద్యార్థి సంఘం చేతికి వెళ్లింది. ఇప్పుడు కుర్రాళ్లుంటారు.

కోటీశ్వరుల ఇళ్లు చాలాచోట్ల మ్యూజియంలయ్యాయి. టికెట్టు కొని మంచాలూ అద్దాలూ చూసి రావచ్చు. ఇక్కడ ఆ అవసరం కలగలేదు. ఆయన సంపద ఏమైందో చూడాలంటే ఇంకొంచెం పైకి నడిస్తే చాలు.

పైనున్న బడి

1864లో ఎజ్రా రాష్ట్ర సెనేటులో అడుగుపెట్టాడు. వచ్చే ఆదాయాన్ని పేదలకూ రాబోయే తరాలకూ మేలు జరిగేలా ఎలా ఖర్చు చేయాలన్నదే ఇప్పుడు తన బెంగ అని తన పుస్తకంలో రాసుకున్నాడు. ఊళ్లో అందరికీ ఉచితంగా ఉండేలా కట్టించిన గ్రంథాలయం 1866లో తెరుచుకుంది. సెనేట్‌లో ఆయనకు దగ్గర్లో కూర్చున్నది ఆండ్రూ డిక్సన్ వైట్. యేల్‌లో చదివిన పండితుడు. యంత్రాలు తెలిసిన ఎజ్రాకు, చరిత్ర తెలిసిన వైట్‌కు స్నేహం కుదిరింది. వైట్ తన ఊరు సిరక్యూస్‌లో విశ్వవిద్యాలయం పెడదామన్నాడు. ఎజ్రా ససేమిరా అన్నాడు. కుర్రతనంలో సిరక్యూస్‌లో తన కూలి డబ్బు ఎవరో కాజేశారని, అది ఆయన మరిచిపోలేదని ఇతాకాలో చెప్పుకుంటారు.

ఐదు లక్షల డాలర్లూ, కొండ మీది తన పొలంలోని భూమీ ఇస్తానన్నాడు. శాసనసభలో అడ్డుపడ్డవాళ్లెందరో. చివరికి ఆ దానం స్వీకరించడానికే షరతుగా మరో కళాశాలకు 25 వేల డాలర్లు కట్టమన్నారు. కట్టాడు. 1865 ఏప్రిల్ 27న చట్టం అయింది. 1868 అక్టోబరు 7న గంటలు మోగి విశ్వవిద్యాలయం తెరుచుకుంది. తొలి ఏడాదే నాలుగు వందల పన్నెండు మంది చేరారు. ఆయన ఆశయం సూటిగా ఉంటుంది. ఎవరైనా వచ్చి ఏ చదువైనా చదువుకోగలగాలి. లాటినుతో పాటు వ్యవసాయం, ఇంజినీరింగూ. ఏ మతశాఖ పెత్తనమూ ఉండకూడదు. రాష్ట్రంలోని ప్రతి అసెంబ్లీ నియోజకవర్గం నుంచి ఏటా ఒకరికి ఫీజు లేని సీటు. పేద పిల్లలు పని చేసుకుంటూ చదువుకోవచ్చన్న ఆయన ఆలోచన మాత్రం పెద్దగా ఫలించలేదు. కూలిపని, పాఠం రెండూ ఒకే ఒంటితో సాగలేదు.

1867లో ఆల్బనీ నుంచి నాలుగేళ్ల మనవరాలు యూనిస్‌కు ఎజ్రా ఒక ఉత్తరం రాశాడు. చదవడం రాని పిల్లకు! విశ్వవిద్యాలయంలో అబ్బాయిలతో సమానంగా అమ్మాయిలూ చదవాలని తన కోరిక అని, ఈ కాగితం దాచుకుని పెద్దయ్యాక చూపించమని. 1872 నుంచి అమ్మాయిల్ని చేర్చుకున్నారు. మరుసటి ఏడాది అమ్మాయిల వసతిగృహం సేజ్ కాలేజీకి శంకుస్థాపన జరిగితే, పునాదిరాయిలో ఎజ్రా ఇంకో ఉత్తరం పెట్టి మూయించాడు. ఈ ప్రయోగం విఫలమైతే కారణమేమిటో అందులో రాశానన్నాడు. ఆడపిల్లల్ని చేర్చుకోవడం గురించే అయివుంటుందని నూరేళ్లకు పైగా అందరూ ఊహించారు. 1997లో భవనం మరమ్మతుల్లో ఆ ఉత్తరం తీసి చదివారు. అమ్మాయిల వల్ల ఏ ముప్పూ లేదని, ముప్పంటూ ఉంటే అది మతశాఖల కలహాల వల్లేనని ఆయన రాశాడు. పెళ్లి చేసుకున్నందుకు వెలివేతకు గురైన మనిషి రాయగల మాట అది.

ఆ నేల ఎవరిది?

కార్నెల్ దాతృత్వం గురించి చెప్పి ఇక్కడితో ఆపితే సగం కథే అవుతుంది. 1862 నాటి మోరిల్ చట్టం కింద కేంద్రం రాష్ట్రాలకు కళాశాలల కోసం భూముల పత్రాలిచ్చింది. న్యూయార్క్ వాటా 9,89,920 ఎకరాలు. మిగతా రాష్ట్రాలు ఎకరం డాలరు లోపే అమ్మేసుకుంటుంటే, ఎజ్రా ఆ పత్రాలు కొని విస్కాన్సిన్‌లో దాదాపు ఐదు లక్షల ఎకరాల పైన్ అడవులు ఎంచుకున్నాడు. లాభమంతా విశ్వవిద్యాలయానికేనని ముందే రాసిచ్చాడు. ఆయన భూముల్లో స్వార్థం చూసుకుంటున్నాడని 1873లో నింద వేశారు, విచారణ జరిగింది, నిర్దోషి అని తేలింది. తర్వాత కలప వ్యాపారి హెన్రీ సేజ్ ఓపికగా అమ్మించి విశ్వవిద్యాలయానికి దాదాపు యాభై లక్షల డాలర్లు తెచ్చిపెట్టాడు.

ఆ అడవులు ఒజిబ్వే ప్రజలవి. ఒప్పందాల పేరుతో ప్రభుత్వం వారి దగ్గర్నుంచి తీసుకున్నవి. ఇతాకా కొండే కయూగా ప్రజల నేల. 1779లో అమెరికన్ సైన్యం వాళ్ల పల్లెలూ పంటలూ తగలబెట్టింది. ఈ సంగతి విశ్వవిద్యాలయమే ఇప్పుడు ఒప్పుకుంటోంది. సభల మొదట్లో చెబుతోంది. చెప్పడం మంచిదే. ఆ సంపదలో వాళ్లకు దక్కాల్సింది దక్కేదాకా ఆ మాట అప్పుగానే మిగులుతుంది.

మనకూ ఆ చట్టంతో ఒక బంధం ఉంది. 1964లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు బోధన, పరిశోధన, రైతుకు విస్తరణ సేవ అనే మూడింటినీ ఒకే కప్పు కిందికి తెచ్చింది మోరిల్ చట్టంతో పుట్టిన కళాశాలల నమూనాలోనే. దానికి తోడుగా నిలిచింది అదే చట్టం బిడ్డ, కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం. మన వరి వంగడాల మీద పనిచేసిన ఎందరో శాస్త్రవేత్తలు ఆ పద్ధతిలో చదువుకున్నవాళ్లే.

ఆఖరి ఏళ్లలో ఇతాకాకు రైలుమార్గాలు తేవాలని ఎజ్రా పెట్టిన డబ్బు చాలావరకు మునిగిపోయింది. పిల్లలకు మిగిలింది ప్రపంచం ఊహించినంత కాదు. అయితే చట్టంలోనే కుటుంబానికి ఒక హక్కు రాసి ఉంది. విశ్వవిద్యాలయం ధర్మకర్తల మండలిలో ఎజ్రా వారసుల్లో పెద్దవారికి జీవితకాలం ఒక కుర్చీ ఉంటుంది. ఇప్పటికీ ఉంది. తంతి సంపన్నుల కుటుంబానికి తరతరాలుగా చేతులు మారుతూ మిగిలిన ఆస్తి అదే.

ఇతాకాలో చదువుకుంటున్న పిల్లల్ని చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలకు ఒక మాట. కొండ మీద ఎజ్రా విగ్రహం ముందు ఫొటో ఎలాగూ దిగుతారు. విగ్రహం వెనక్కి వెళ్లి అక్కడున్న టెలిగ్రాఫ్ యంత్రాన్నీ చూడండి. తర్వాత పిల్లల్ని వెంటబెట్టుకుని కిందికి, ఫాల్ క్రీక్ జలపాతం దాకా దిగి వెళ్లండి. ఆ రాతిని తొలిచిన కూలీల్లో ఏ ఒక్కరికీ విగ్రహం లేదు.